ఒక డచ్చి సంఘకాపరి కుటుంబ చరిత్ర : పాత ఛాయాచిత్రముల సాక్ష్యము

చరిత్ర రచనకు శాసనములు, తామ్రపత్రములు, తాళపత్ర ప్రతులు, కైఫీయతులు, విదేశ యాత్రికుల వ్రాతలు మొదలగునవి ఆధారములని మనము విద్యార్థులకు బోధించుచున్నాము. వీనిని పరీక్షించుటకు తగిన పద్ధతులును మనకు కలవు. ఒక తాళపత్ర ప్రతి చేతికి వచ్చినచో, దానిని ఎవరు వ్రాసిరి, ఎప్పుడు వ్రాసిరి, మాతృక యేది, గ్రంథాంతమందలి గద్య కవిదా లేక లేఖకునిదా అని ప్రశ్నింపక దానిని గ్రహింపము. ఛాయాచిత్రము చేతికి వచ్చినప్పుడు మాత్రము ఈ జాగరూకత యేలనో సడలిపోవుచున్నది. చిత్రము క్రింద ఒక పేరున్నచో ఆ ముఖము ఆ పేరుగలవానిదే యని వెంటనే నమ్ముదుము. యంత్రము పక్షపాత మెరుగదు గదా యని మన ధీమా. యంత్రము పక్షపాత మెరుగదనుట నిజమే. కాని చిత్రము క్రింద పేరు వ్రాసినది యంత్రము కాదు.

ఈ విషయమును పరిశీలించుటకు ఇచ్చట ఒక డచ్చి కుటుంబమును తీసికొనుచున్నాను. హాలెండు దేశస్థులు మనకు బొత్తిగా క్రొత్తవారు కారు. మచిలీపట్టణమందలి వలందపాలెము వారి పేరనే నేటికిని నిలిచియున్నది. అయితే ఇప్పుడు ప్రస్తుతమైనది ఆ ఓడవర్తకుల కథ కాదు. పందొమ్మిదవ శతాబ్దమున హాలెండు దక్షిణభాగమందలి బ్రబాంట్ పల్లెలలో ప్రొటెస్టంటు సంఘకాపరిగా జీవితము గడపిన థియోడొరుస్ వాన్ గోహ్ అను నతని కుటుంబ వృత్తాంతము. ఇతడు 1822 ఫిబ్రవరి 8న జన్మించెను. ఇతని తండ్రియు సంఘకాపరియే. ఆ తండ్రి కుమారులలో మతవృత్తి చేపట్టినవాడు థియోడొరుస్ ఒక్కడే. తక్కినవారిలో ముగ్గురు చిత్రముల వ్యాపారమున దిగిరి, ఒకడు నౌకాదళమున వైస్ అడ్మిరలు పదవి నందెను. థియోడొరుస్ 1849లో జుండర్ట్ గ్రామమున కాపరిగా కుదిరి, 1871లో హెల్వోయిర్ట్‌కును, 1875లో ఎట్టెన్‌కును, 1882లో న్యూనెన్‌కును మారి, 1885 మార్చి 26న న్యూనెన్‌లోనే గతించెను. ఆ ప్రాంతమంతయు కాథలిక్కులది. ప్రొటెస్టంటులు ప్రతి గ్రామమునను గుప్పెడు మంది మాత్రమే. అట్టి చోట ముప్పదియారేండ్లు కాపరిగా నుండుటయే గాని, పేరు ప్రతిష్ఠలు గడించుటకు అవకాశము లేదు. ఇతని పేరు నేడు లోకము తలచుచున్నదనిన, అందుకు కారణము ఇతని కుమారుడు, చిత్రకారుడు విన్సెంట్ వాన్ గోహ్.

థియోడొరుస్ 1851లో ఆన్నా కొర్నేలియా కార్బెంటుస్ అను నామెను వివాహమాడెను. ఆమె హేగ్ నగరమందలి ఒక పుస్తకముల బైండరు కుమార్తె. భర్తకంటె వయసున పెద్దది, 1819లో పుట్టినది. పెరిగి పెద్దలైన సంతానము ఆరుగురు: విన్సెంట్ (1853), ఆన్నా (1855), థియో (1857), ఎలిజబెత్ (1859), విల్లెమీనా (1862), కొర్నేలిస్ (1867).

ఇట్టి కుటుంబమున ఛాయాచిత్రమునకు గల స్థానమేమో ముందు తెలిసికొనవలెను. థియోడొరుస్ పుట్టునాటికి ఛాయాచిత్రకళ లేదు. పారిసులో డాగేర్ పద్ధతి లోకమునకు వెల్లడియైన 1839వ సంవత్సరమున ఇతనికి పదునేడేండ్లు. 1854లో డిస్డేరి అను పారిసు ఛాయాచిత్రకారుడు ఒకే పలకపై అనేక చిత్రములు తీయు విధానమునకు పేటెంటు పొందిన పిదప గాని సామాన్య గృహస్థునకు తన రూపము కొనుక్కొనుట సాధ్యము కాలేదు. కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముపై ముద్రించి, సుమారు పది సెంటీమీటర్ల పొడవు, ఆరు సెంటీమీటర్ల వెడల్పు గల దళసరి అట్టపై అంటించిన ఈ చిన్న పటములను కార్ట్ ద విజీత్ అనిరి. ఇవి డజన్ల లెక్కన తీయించుకొని బంధువులకు పంచిపెట్టదగినవి. ఉత్తరములో పెట్టి పంపదగినవి. 1860ల నుండి ఐరోపాలో మధ్యతరగతి గృహములలో వీనికొరకే అరలు కోసిన ఆల్బములు వెలసినవి. సంఘకాపరి యింటికి ఇది మరింత అవసరమైనది. ఏలయన పిల్లలు పదునైదు, పదునారేండ్లకే పనులకు ఇల్లు విడిచి పోవలసివచ్చిరి. విన్సెంట్ 1869లో హేగ్‌లోని గూపిల్ చిత్ర విక్రయశాలలో చేరెను. థియో 1873 జనవరిలో అదే సంస్థ బ్రస్సెల్స్ శాఖకు పోయెను. తల్లిదండ్రుల చెంత మిగిలినవి ఉత్తరములును, పటములును.

ఆ అట్ట వెనుకభాగము పరిశోధకునకు మిక్కిలి ముఖ్యమైనది. అందు ఛాయాచిత్రకారుని పేరు, వీథి, ఒక్కొక్కప్పుడు అతడు పొందిన పతకముల బొమ్మలు అచ్చొత్తబడియుండును. దీనిని మన తాళపత్ర ప్రతులందలి గ్రంథాంత గద్యతో పోల్చవచ్చును. గద్య వలెనే ఇదియు కాలనిర్ణయమునకు తోడ్పడును. ఛాయాచిత్రకారులు తరచు ఇండ్లు మారుచుండిరి గనుక, ఒక చిరునామా కొలది సంవత్సరములకు మాత్రమే చెల్లును. నగర డైరెక్టరీలతో సరిచూచినచో ఆ పటము ఏ యేండ్ల నడుమ తీయబడినదో తేలును. పేరు మాత్రము సాధారణముగా దానిపై ఉండదు. ఇంటివారికి ముఖములు తెలియును గనుక వ్రాయవలసిన పని లేదు. వ్రాయువారు తరువాతి తరమువారు. వారికి ముఖములు సరిగా తెలియవు.

వాన్ గోహ్ వంశమున ఈ చిక్కు ఇంకను ఎక్కువ. తాత పేరు మనుమనికి పెట్టుట మనకు తెలిసిన ఆచారమే. డచ్చివారును దానిని పాటించుచుండిరి. అందుచేత ఒక పటము వెనుక విన్సెంట్ వాన్ గోహ్ అని నిజముగనే వ్రాసియున్నను, అది ఎవరని అడుగవలసియే యున్నది. 1789లో పుట్టి 1874లో గతించిన తాతగారు విన్సెంట్. 1820లో పుట్టి 1888లో గతించిన చిత్రవ్యాపారి విన్సెంట్. చిత్రకారుడు విన్సెంట్, 1853 నుండి 1890 వరకు. థియో కుమారుడు, 1890లో పుట్టి 1978లో గతించిన ఇంజనీరు, విన్సెంట్ విల్లెమ్. థియోడొరుస్ పేరు తండ్రికొడుకులిద్దరిది. ఆన్నా తల్లికూతుళ్ళది. కొర్నేలిస్ పినతండ్రిది, చిన్న కొడుకుది. ఛాయాచిత్రములు రాకపూర్వము ఈ పేర్లు చర్చి రిజిస్టరులందు జన్మతేదీలతో కూడియుండుటచే గందరగోళము తక్కువ. పటము వచ్చినది, తేదీ పోయినది.

ఇచ్చట ఒక మాట. ఈ వంశవృక్షమును తెలుగున వ్రాయబూనినవానికి మరియొక ఇబ్బంది కలుగును. డచ్చి భాషలో తండ్రి అన్నయైనను తమ్ముడైనను, మేనమామయైనను ఒకటే మాట. విన్సెంట్ తన ఉత్తరములలో ఆ ఒక్క మాటతోనే అందరిని పేర్కొనును. తెలుగువాడు పెదతండ్రి యనవలెనో పినతండ్రి యనవలెనో తేల్చుకొనుటకు జన్మసంవత్సరములు వెదకవలసినదే. అట్లు వెదకగా, చిత్రవ్యాపారి విన్సెంట్ థియోడొరుస్ కంటె రెండేండ్లు పెద్ద, కాబట్టి పెదతండ్రి. ఆంస్టర్డాంలో పుస్తకములు, చిత్రములు అమ్మిన కొర్నేలిస్ మారినుస్ 1824లో పుట్టినవాడు, కాబట్టి పినతండ్రి అని తేలును. పెదతండ్రి భార్య ఆన్నాకు స్వయముగా చెల్లెలు. అనగా అన్న చెల్లెలిని, తమ్ముడు అక్కను చేసికొనిరి. పిల్లలకు ఆమె తండ్రివైపు పెద్దమ్మ, తల్లివైపు పినతల్లి! అనువాదమునకై పడిన ఈ శ్రమ వృథా కాలేదని నా యభిప్రాయము. వరుసలు సరిగా తెలియనివాడు పటములోని ముఖముల పోలికలను గూర్చి మాటలాడరాదు.

అట్లని మన వరుసలను వారిపై మోపుటయు ప్రమాదమే. చిత్రకారుడు విన్సెంట్ 1881లో కే వోస్ అను వితంతువును ప్రేమించి, ఆమె నిరాకరింపగా తల్లిదండ్రులతో కలహించి, ఆ క్రిస్మసునాడు ఎట్టెన్‌లోని కాపరి యిల్లు విడిచి వెళ్ళెను. ఆమె తన చిన్న కుమారునితో కూర్చుండి తీయించుకొన్న పటము ఒకటి లభ్యమగుచున్నది. ఆమె విన్సెంట్ పెద్దతల్లి కుమార్తె. మన లెక్కకు అక్క యగును. ఈ పటము చూచిన తెలుగు పాఠకునకు తండ్రి ఆగ్రహమునకు కారణము వరుస తప్పుటయే యని తోచుట సహజము. కాని ఆ సమాజమున పెద్దతల్లి బిడ్డలతో వివాహము నిషిద్ధము కాదు. ఆమె మరణించిన భర్తను మరువకపోవుటయు, విన్సెంట్‌కు సంపాదన లేకపోవుటయు అచ్చటి అడ్డంకులు.

విన్సెంట్ కంటె ముందు 1852 మార్చి 30న ఆ దంపతులకు మృతశిశువు కలిగెను. ఆ శిశువునకును విన్సెంట్ అనియే పేరు. సరిగా ఏడాదికి అదే తేదీన చిత్రకారుడు జన్మించెను. జుండర్ట్ చర్చి ఆవరణలో తన పేరుగల సమాధిరాతిని చూచుచు ఆ బాలుడు పెరిగెనని, అతని మనోవ్యథకు అదియే మూలమని జీవితచరిత్రకారులు కొందరు పుటలకొలది వ్రాసిరి. నాకు ఇది అతిశయోక్తిగా తోచుచున్నది. చనిపోయిన బిడ్డ పేరు తరువాతి బిడ్డకు పెట్టుట ఆ శతాబ్దమున వింత కాదు.

ఇక అసలు విషయము. 1957లో బెల్జియము దేశపు పరిశోధకుడు మార్క్ ఎడో ట్రాల్బౌట్ ఒక బాలుని పటమును ప్రకటించెను. తీసినవాడు బ్రస్సెల్స్ ఛాయాచిత్రకారుడు బాల్డుయిన్ ష్వార్ట్స్. పదుమూడేండ్ల విన్సెంట్ వాన్ గోహ్ అని దాని వివరణ. చిత్రకారుని బాల్యరూపము అంతకుముందు ఎవరును చూచియుండలేదు. పెద్దవాడైన విన్సెంట్ ముఖమును చూపు పటములును మిక్కిలి అరుదు. హేగ్‌లో ద లౌ అను ఛాయాచిత్రకారుడు పందొమ్మిదేండ్ల ప్రాయమున తీసినదియే ప్రధానమైనది. పారిసు చేరువ ఆన్యేర్‌లో నదియొడ్డున మిత్రుడు ఎమీల్ బెర్నార్‌తో కూర్చుండిన పటమొకటి కలదు గాని, అందు విన్సెంట్ వీపు మాత్రమే కనబడును. తన రూపమును తానే ముప్పదికి పైగా చిత్రములలో వ్రాసికొన్నవాని బాల్యము ఎట్లుండెనో చూడవలెనను కోరిక లోకమున కుండుట సహజము. అందుచేత ఆ పటము వెంటనే వ్యాపించెను. జీవితచరిత్రలలో, బాలల పుస్తకములలో, ప్రదర్శనశాలల గోడలపై అదియే. ఆ బాలుని చూపులోని తీక్ష్ణతయందు రాబోవు ప్రతిభను, ఉన్మాదమును గూడ చదివినవారు కలరు.

సుమారు ఆరు దశాబ్దములు ఎవరును అడుగని ప్రశ్నను 2014లో బెల్జియము దేశస్థుడే యైన ఈవ్ వాస్యూర్ అడిగెను. అతడు ముఖమును చూడలేదు, చిరునామాను చూచెను. ష్వార్ట్స్ బ్రస్సెల్స్‌లో ఛాయాచిత్రశాల పెట్టినది 1870లో. విన్సెంట్‌కు పదుమూడేండ్లు నిండినది 1866లో. ఆ సంవత్సరమున విన్సెంట్ మొదట జెవెన్‌బెర్గెన్‌లోని వసతి పాఠశాలయందును, సెప్టెంబరు నుండి టిల్బుర్గ్‌లోని ఉన్నత పాఠశాలయందును చదువుచుండెను. 1870 నాటికి అతడు పదునేడేండ్లవాడు, హేగ్‌లో ఉద్యోగి. పటములోని బాలునకు అంత వయసు లేదు. కావున పటము ష్వార్ట్స్ తీసినదైనచో పదుమూడేండ్ల విన్సెంట్‌ది కానేరదు.

మరి ఎవరిది? ఆంస్టర్డాంలోని వాన్ గోహ్ మ్యూజియము పరిశోధకుడు తేయో మేడెన్‌డోర్ప్ మొదలగువారు ఈ ప్రశ్నను చేపట్టిరి. కాపరి కుమారులలో 1870 తరువాత బ్రస్సెల్స్‌లో నివసించిన బాలుడెవడు? థియో. 1873 జనవరి నుండి నవంబరు వరకు అతడచ్చట నుండెను. 1857 మే 1న పుట్టినవాడు గనుక, వచ్చిన తొలినెలలలో అతనికి పదునైదేండ్లు. ఆంస్టర్డాం విశ్వవిద్యాలయమున న్యాయవిజ్ఞాన ఆచార్యుడగు జేనో గెరాడ్స్ ఈ పటమును అన్నదమ్ముల ఇతర పటములతో పోల్చి పరీక్షించెను. 2018 నవంబరులో మ్యూజియము వారు తమ నిర్ణయమును వెల్లడించిరి. పదుమూడేండ్ల విన్సెంట్‌గా లోకమెరిగిన ఆ బాలుడు పదునైదేండ్ల థియో.

ఈ నిర్ణయమున ఏ ఆధారమునకు ఎంత బలమో విడదీసి చూడవలెను. పరిశోధకులు ముఖలక్షణములను, కన్నుల లేతరంగును గూడ థియోకు అనుకూలమైన గుర్తులుగా చెప్పిరి. ముఖలక్షణముల మాట నంగీకరింపవచ్చును. థియో భార్య జొహానా బోంగర్ 1914లో అన్నదమ్ముల లేఖలను ప్రకటించుచు కూర్చిన కుటుంబ వృత్తాంతమున, థియో అన్నకంటె సుకుమారుడనియు, అతని ముఖరేఖలు మరింత తీరైనవనియు వ్రాసెను. అయితే అదే చోట మేనిఛాయయందును కన్నుల రంగునందును అన్నదమ్ములకు భేదము లేనట్లు ఆమె చెప్పియున్నది. ఇరువురివియు లేత నీలపు కన్నులే. పైగా ఆనాటి కొల్లోడియన్ తడిపలక నీలపు కాంతిని అధికముగా గ్రహించును. ఎరుపు, పసుపులను దాదాపు గ్రహింపదు. కావున నీలపు కన్నులు పటమున ఉన్నదానికంటె తెల్లగను, ఎర్రని జుట్టు ఉన్నదానికంటె నల్లగను వచ్చును. అట్టి పటమున కంటిరంగును సాక్ష్యముగా గొనుటకు నేను జంకుదును. ముఖముల పోలికయు అన్నదమ్ముల విషయమున రెండంచుల కత్తి. ఆరు దశాబ్దములపాటు ఆ ముఖమే విన్సెంట్ ముఖమని నిపుణులకును తోచినది గదా! చిరునామాయు, థియో బ్రస్సెల్స్ నివాసకాలమును మాత్రమే ఈ వాదమునకు మూలస్తంభములు. ఆ రెండును లేనిచో తక్కినవి అభిప్రాయములు. ఆ రెండును ఉన్నవి గనుక తక్కినవి బలపరచు సాక్ష్యములైనవి. పాఠపరిష్కరణమున అర్థౌచిత్యమును బట్టి పాఠమును దిద్దుటకును, ప్రతుల వంశమును బట్టి దిద్దుటకును గల భేదము వంటిదే ఇది.

ఇందు గమనింపదగినది మరియొకటి కలదు. బాల్య విన్సెంట్‌గా భావింపబడిన పటమును, పందొమ్మిదేండ్ల విన్సెంట్ పటమును ప్రక్కప్రక్కన ముద్రించుట పుస్తకములలో అలవాటై యుండెను. మొదటిదానిలోని కోమలత్వము ఆరేండ్లలో రెండవదానిలోని మొరటుదనముగా మారుటకు కారణములు ఊహించిన పాఠకులెందరో. నిజమునకు ఆ రెండు పటములును 1873వ సంవత్సర ప్రాంతమునకే చెందినవి. ఆరేండ్ల అంతరము లేనేలేదు. ఇరువురు అన్నదమ్ములు వేరువేరు నగరములలో, ఒకే వ్యాపారసంస్థలో కొలువు చేయుచు తీయించుకొన్న రూపములవి. లేని మార్పునకు కారణములు వెదకుట ఎంత సులభము!

తండ్రి విషయమునను ఇట్టి చదువులు జరిగినవి. థియోడొరుస్ పటములందు బిగిసిన పెదవులు, కదలిక లేని చూపు కనబడును. విన్సెంట్ తండ్రితో పడిన కలహములను ఉత్తరములలో చదివినవారు ఆ ముఖమున కాఠిన్యమును చూచిరి. తడిపలక కాలమున కూర్చున్నవాడు కొన్ని క్షణములపాటు కదలకుండుటకు తల వెనుక ఇనుప ఆధారము పెట్టుచుండిరి. ఆ నియమమునకు లోబడి నవ్వుముఖముతో నిలిచిన సంఘకాపరి దొరకుట కష్టము. జొహానా వృత్తాంతమున అతడు గొప్ప ఉపన్యాసకుడు కాడనియు, అందగాడనియు, దయాళువనియు, సంఘమువారు ఆ అందమునుబట్టియే అతనిని పేర్కొనుచుండిరనియు కలదు. అయితే ఆమె ఆ యింటి కోడలైనది 1889లో. అప్పటికి మామగారు గతించి నాలుగేండ్లు. ఆమె మాటలు అత్తగారి నోట, భర్త నోట విన్నవి. అందుచే పటమునకంటె అవి నమ్మదగనివని నేననను. ఇరువదియెనిమిదేండ్లు ఆ తండ్రికి కుమారుడుగా నున్న థియో జ్ఞాపకము, కొన్ని క్షణములు మాత్రమే చూచిన కటకముకంటె ఎక్కువ చెప్పగలదు.

ఈ అంశమునే విన్సెంట్ తనదైన రీతిని ఆలోచించెను. 1888 శరత్కాలమున ఆర్ల్‌లో నున్నప్పుడు అతనికి తల్లి పటము అందెను. రంగులు లేని ఆ పటమును చూడలేక, తన జ్ఞాపకమందలి తల్లిని రంగులలో వ్రాయబూనుచున్నానని తమ్మునికి వ్రాసెను. ఆ అక్టోబరున వ్రాసిన చిత్రము నేడు కాలిఫోర్నియాలోని పాసడీనాయందు నార్టన్ సైమన్ మ్యూజియమున కలదు. లేత ఆకుపచ్చని వన్నె ఆవరించిన ముఖము, నల్లని దుస్తులు, పెదవులపై ఇంచుక నవ్వు. పటమును చిత్రమును ప్రక్కన పెట్టి చూచినచో కూర్చున్న తీరు, తల త్రిప్పిన వాలు అవియే. జీవకళ మాత్రము వేరు. మరుసటి యేడు చెల్లెలు విల్లెమీనాకు వ్రాయుచు, ఛాయాచిత్రములు, ముఖ్యముగా తానెరిగి ప్రేమించినవారివి, తనకు భయావహముగా తోచుననియు, అవి మనకంటె ముందే వెలసిపోవుననియు చెప్పెను. తల్లి పటము విషయమున ఒక చిత్రమైన స్థితి ఏర్పడినది. చిత్రకారుడు అపనమ్మకముతో చూచిన పటమే అతడు వ్రాసిన చిత్రము ఎవరిదో మనకు నిశ్చయముగా తెలుపుచున్నది.

తండ్రి మరణానంతరము 1885 అక్టోబరులో విన్సెంట్ వ్రాసిన బైబిలు చిత్రమును గూడ ఈ సందర్భమున తలపవచ్చును. తండ్రి వాడిన బరువైన బైబిలు యెషయా గ్రంథము 53వ అధ్యాయము వద్ద తెరచియుండును. ముందర జోలా నవల యొకటి. ప్రక్కన ఆరిన క్రొవ్వొత్తి. తండ్రి ముఖము లేదు. అయినను ఆ సంఘకాపరిని గూర్చి ఆ కుటుంబమున మిగిలిన వస్తువులలో ఇంతగా చెప్పునది వేరొకటి కానరాదు.

ముఖములకంటె స్థలముల విషయమున ఛాయాచిత్రములు నమ్మదగినవి. జుండర్ట్‌లో విన్సెంట్ పుట్టిన కాపరి యింటిని 1903లో కూల్చి, ఆ స్థలమున వేరొకటి కట్టిరి. ఆ స్థలమందే 2008లో విన్సెంట్ పేర ఒక ప్రదర్శనశాల నెలకొల్పబడెను. కూల్చక ముందు తీసిన పటములే లేనిచో ఆ యింటి రూపము మనకు తెలియకపోయెడిది. న్యూనెన్‌లోని కాపరి యిల్లు అదృష్టవశమున నిలిచియున్నది. పాత పటము చేతపట్టుకొని వీథిలో నిలిచి కిటికీలు లెక్కపెట్టి చూచుకొనవచ్చును. విన్సెంట్ మరణించిన ఓవేర్ గ్రామ విషయమున ఇంకను విశేషము జరిగినది. అతని చివరి చిత్రముగా భావింపబడుచున్న చెట్లవేళ్ళ చిత్రము ఎచ్చట వ్రాయబడెనో 2020 వరకు ఎవరికిని తెలియదు. ఆ సంవత్సరము వూటర్ వాన్ డెర్ వేన్ అను పరిశోధకుడు ఇరువదవ శతాబ్దారంభపు పోస్టుకార్డు ఒకదానిలో వీథి ప్రక్కన గట్టుపై పైకి తేలిన వేళ్ళను గుర్తించి, అవి చిత్రమందలివేయని చూపెను. వేళ్ళలో కొన్ని నేటికిని ఉన్నవి గనుక వాదమును ఆ చోటికి పోయి సరిచూచుటకు వీలైనది.

ముఖమునకు అట్టి అవకాశము లేదు. ఈ కుటుంబపు పటములు చేతులు మారిన క్రమమును చూచినచో అది స్పష్టమగును. విన్సెంట్ 1890 జులై 29న, థియో 1891 జనవరి 25న మరణించిరి. చిన్న తమ్ముడు కొర్నేలిస్ బోయరు యుద్ధకాలమున 1900లో దక్షిణాఫ్రికాలో మరణించెను. ముగ్గురు కుమారులను పోగొట్టుకొన్న తల్లి 1907 వరకు జీవించెను. ఎలిజబెత్ 1910లో అన్నను గూర్చిన జ్ఞాపకములు ప్రకటించి, 1936లో గతించెను. అంతకు ఆరేండ్లు ముందే అక్క ఆన్నా గతించెను. విల్లెమీనా జీవితములో సగభాగము మనోవ్యాధి చికిత్సాలయమున గడిపి 1941లో మరణించెను. జొహానా కాపాడిన చిత్రములు, లేఖలు, పటములు ఆమె 1925లో మరణింపగా కుమారుడు ఇంజనీరు విన్సెంట్ విల్లెమ్‌కు సంక్రమించినవి. అతడు వానిని 1962లో వాన్ గోహ్ ఫౌండేషన్‌కు అప్పగింపగా, 1973లో మ్యూజియము తెరువబడెను.

1957లో ట్రాల్బౌట్ ఆ బాలుని పటమును ప్రకటించునాటికి కాపరి ఆరుగురు సంతానములో ఒక్కరును జీవించి లేరు. విల్లెమీనా, ఎలిజబెత్‌లలో ఎవరైనను అది చూచియున్నచో అది ఏ యన్న ముఖమో ఒక్క మాటలో చెప్పియుందురు. జీవించియున్న దగ్గరి బంధువు ఇంజనీరు విన్సెంట్ విల్లెమ్. అతడు 1890 జనవరి 31న పుట్టినవాడు. తండ్రి థియో మరణించునాటికి అతనికి ఏడాది నిండుటకు ఇంకను ఆరు దినములు మిగిలియుండెను. తండ్రి ముఖమును అతడెరిగినది పటములలోనే.